ఎనిమిది గంటల అయిదు నిమిషాల సంతకం

ఉదయం ఆరు నలభై.

విమానం దిగిన వరుసలో రిటైర్డ్ ఇన్‌స్పెక్టర్ పాస్‌పోర్టు మీద ముద్ర పడింది. వెనకే వచ్చిన భార్య పాస్‌పోర్టు మీద పడలేదు.

"అమ్మగారికి లాంగ్ స్టే వీసా లేదు సార్," అంది ఇమిగ్రేషన్ కౌంటర్లో ఆఫీసరమ్మ.

"లేకపోవడమేంటమ్మా? రిటైరైనవాళ్ల వీసా మీద నాలుగేళ్లుగా ఈ దేశంలోనే కాపురముంటున్నాం. ఇద్దరికీ ఒకేరోజు ఇచ్చారు."

"మీది ఉంది. ఆవిడది ఈ నెల మూడో తారీఖున రద్దయింది. తొమ్మిది పది విమానానికి వెనక్కి పంపాలి. మళ్లీ మొదటినుంచీ అప్లై చేసుకుంటే ఆరు నెలలు పడుతుంది."

ఉన్న వీసా మాయమైందంటే దొంగ ఉండాల్సిందే. సర్వీసులో ఆయన్ని అందరూ 'జలగ' అనేవారు, పట్టుకుంటే వదలడని. చొక్కా చేతులు పైకి మడిచాడు జలగ.

భార్య పాపం పక్కగదిలో కుర్చీ అంచున కూర్చుంది. గుప్పిట్లో చిన్న తాళంచెవి. అరవై రెండో ఏట ఈ ఊళ్లో సైకిలు నేర్చుకుంది మహాతల్లి. మోకాళ్లు గీరుకుపోయినా మానలేదు. ఆ సైకిలు బస్టాపులో తాళం వేసి ఉంది.

"దాన్నెవరైనా ఎత్తుకుపోతారేమోనండీ."

"ముందు నీ వీసా ఎవడెత్తుకుపోయాడో చూడనీ."

ఏడు అయిదు. మొదటి అనుమానం, కాగితాలు పెట్టిన ఏజెంటు మీద. ఫోన్ చేశాడు.

"మా ఆవిడ రీ-ఎంట్రీ పర్మిట్ ఏం చేశావయ్యా?"

"దేశం దాటి వెళ్లి రావడానికి తీసుకునే పర్మిట్టే కదా సార్? మీకు ఎన్నిసార్లయినా వెళ్లొచ్చేది తీసుకున్నాం. అమ్మగారికి ఒక్కసారికే. మార్చిలో వాళ్ల చెల్లెలి ఆపరేషన్‌కి వెళ్లొచ్చారుగా, అక్కడితో అయిపోయింది."

"ఒక్కసారికి చాలని ఎవరన్నారు?"

అవతల కాగితాలు తిరగేసిన చప్పుడు.

"మీరే సార్. 'తనెక్కడికి పోతుందయ్యా' అన్నారు."

జలగ ఫోన్ పెట్టేశాడు. అయినా వదల్లేదు. గిరుక్కున ఆఫీసరమ్మ వైపు తిరిగాడు.

"పర్మిట్ లేకుండా దాటితే వీసా పోతుందని, వెళ్లేరోజు మీవాళ్లు చెప్పాలా వద్దా?"

"చెప్పారు సార్." ఆమె ఒక కాగితం ముందుకు జరిపింది. "వీసా రద్దవుతుందని తెలిసే వెళ్తున్నానని ఒప్పుకోలు. మూడో తారీఖు, ఎనిమిది గంటల అయిదు నిమిషాలు. కింద అమ్మగారి సంతకం."

జలగ జేబులోంచి కళ్లజోడు తీశాడు. అది కాదు. లోపల పెట్టేసి ఇంకోటి తీసి చదివాడు.

"దొంగ సంతకం," అన్నాడు. గొంతు తనకే నచ్చలేదు.

"అమ్మనే అడుగుదాం."

అడగొద్దు అనబోయాడు. ఆఫీసరమ్మ అప్పటికే పక్కగదిలోకి నడిచింది. ఆయనా వెనకే వెళ్లాడు.

"ఈ సంతకం మీదేనామ్మా?"

"నాదే."

"చదివే పెట్టారా?"

"కళ్లజోడు లేదమ్మా. అప్పుడూ లేదు, ఇప్పుడూ లేదు. ఆయన జేబులో ఉంది. నేనైతే ఎక్కడో మర్చిపోతానని ఆయనే దాస్తారు."

"మావాడు నోటితో చెప్పలేదా?"

"ఏదో అడిగాడు. నేను ఆయనకేసి చూశాను. 'సంతకం పెట్టి రా, విమానానికి లేటవుతోంది' అన్నారు."

నేరం మోపుతున్నట్టు లేదు ఆమె గొంతు. అదే ఆయనకు మరీ కష్టంగా ఉంది.

"కేసు తేలిపోయిందమ్మా," అన్నాడు జలగ మెల్లగా. "ఇందాకటి నుంచీ ఆధారం నా జేబులోనే ఉంది. రెండు కళ్లజోళ్లు. మా ఆవిడ పర్మిట్ ఒక్కసారికి చాలన్నది నేను. మా తమ్ముడి కూతురి పెళ్లికి బయల్దేరదీసింది నేను. సంతకం పెట్టమన్నదీ నేనే."

భార్య కళ్లజోడు ఆమె చేతిలో పెట్టాడు. ఆమె కాగితం మొదటినుంచి చివరిదాకా చదివింది, పెదాలు కదుపుతూ.

"ఇది ఆవేళే చదివుంటే మీ తమ్ముడి కూతురి పెళ్లికి రాకపోదును," అంది.

ఆయన ఆఫీసరమ్మ వైపు తిరిగాడు.

"నా వీసా కూడా రద్దు చేసెయ్యమ్మా. తనతోపాటే పోతాను."

"మీరుండండి." నలభై ఏళ్ల కాపురంలో ఆమె ఆయనకిచ్చిన మొదటి ఆర్డరు అదే. "ఈసారి ఫారం నేనే నింపుకుంటాను."

"మళ్లీ వస్తారామ్మా?" అడిగింది ఆఫీసరమ్మ.

అలవాటు చొప్పున ఆయన నోరు తెరిచాడు. మూసుకున్నాడు.

"వస్తాను. నా సైకిలు ఇక్కడుంది." తాళంచెవి భర్త అరచేతిలో పెట్టింది. "వానలో తడవనివ్వకండి."

తొమ్మిది పదికి విమానం లేచింది.

పదకొండు ఇరవై. బస్టాపులో సైకిలు ఎక్కడిదక్కడే ఉంది. జలగ తాళం తీశాడు. తొక్కడం ఆయనకు రాదు. ఇంటిదాకా నడిపించుకుంటూ వచ్చాడు.