గోడవైపు కిటికీ

ఆ ఉదయం కూడా మల్లి పాలు చేపలేదు!

యశోద పొదుగు కడిగింది, నూనె రాసింది, వేళ్లు తిమ్మిరెక్కేదాకా పితికింది... దుత్త అడుగు తడవలేదు. పొదుగు నిండుగానే ఉంది. పాలు లోపలే ఉన్నాయి. ఇవ్వడానికే ఆ బర్రెకు మనసు రావడం లేదు. వెనక నిలబడ్డ భర్త వైకుంఠం ఖాళీ దుత్తలోకి తొంగి చూశాడు. తరువాత గుంజకు కొట్టిన మేకు వైపు చూశాడు. ఆ మేకుకు కూతురు స్రవ్య గజ్జెలు వేలాడుతున్నాయి. నిన్న సాయంత్రం బిడ్డ చేతిలోంచి లాక్కుని అక్కడ తగిలించింది అతనే.

"కిషన్‌బాగ్ నుంచి ఆగయ్య వస్తుండు, బర్రెను కొనుక్కొని తోలుకపోతడు," అన్నాడు చివరికి. "నీ బిడ్డ గా బడికి పోవుడు గూడ ఇయ్యాలటితోని బంద్."

యశోద గుండె రెండు ముక్కలైంది. ఒకవైపు మల్లి, ఒకవైపు స్రవ్య... ఏ ముక్క కోసం ఏడవాలో తెలియక దుత్త మీద మూత పెట్టింది.

ఒకప్పుడు గౌలిపురలో ఆ గల్లీ నిండా బర్రెలే. ఇప్పుడు మిగిలింది మల్లి ఒక్కటే. వాళ్ల ఇంటి వెనక ఏళ్ల తరబడి పాడుబడిన పెద్ద భవంతి ఉండేది. లోపల చెత్త, బయట చీకటి... పొద్దుగూకితే ఆడపిల్లలు అటు నడిచేవారు కారు. అందులోకి నాట్యం, సంగీతం, నాటకం నేర్పే బడి వచ్చింది. చెత్త కదిలింది. కూలిన గోడలు లేచాయి. ఆ వెలుగు వెంట గల్లీకి దీపాలు వచ్చాయి, మురుగు పారే మోరీకి మూత వచ్చింది, బురద దారికి రాళ్లు వచ్చాయి. మూతపడ్డ తలుపులు ఒక్కొక్కటే తెరుచుకున్నాయి. బడి గేటు పక్కన మున్నీ చాయ్ దుకాణం పెట్టింది, మల్లి పాలతోనే! ఆ బడిలోనే స్రవ్య కాళ్లకు గజ్జెలు కట్టింది. ఈ సాయంత్రం ఆవరణలో ఆమె తొలి ప్రదర్శన.

కానీ గల్లీ మెరిసేకొద్దీ మాటలూ మొలిచాయి. "వాడకట్టంత అత్తరు కొట్టుకున్నది వైకుంఠం భాయ్, నీ ఇంటికాడ్నే పేడ వాసన," అని మున్నీ దుకాణం దగ్గర ఎవరో నవ్వులాటకు అన్నారు. ఆ నవ్వు వైకుంఠం గుండెలో ముల్లై విరిగింది. సరిగ్గా అప్పుడే, పక్షం రోజుల కిందట, బడివాళ్లు సంగీతం తరగతిని వీళ్ల కొట్టాన్ని ఆనుకున్న గదిలోకి మార్చి గోడవైపు కిటికీ తెరిచారు. ఆనాటి నుంచే మల్లి పాలు తగ్గాయి! మద్దెల మోతకు బర్రె బెదిరిందని వైకుంఠం వెళ్లి లొల్లి చేశాడు. టీచరు కీర్తిప్రియ మారుమాట లేకుండా కిటికీ మూయించింది. అయినా పాలు రాలేదు. మిగిలిన కోపమంతా కూతురి గజ్జెల మీదికి మళ్లింది...

ఆగయ్య వచ్చాడు. మల్లి మెడకు కొత్త పలుపు వేశాడు. అంతవరకూ గుమ్మంలో నిలుచున్న స్రవ్య పరుగున వచ్చి తండ్రి చేయి పట్టుకుంది.

"బాపూ, నేను పోను తీయ్. ఆట వద్దు, బడి వద్దు. మల్లిని మాత్రం పంపకు."

వైకుంఠం ముఖం తిప్పుకున్నాడు. చేయి మాత్రం విడిపించుకోలేదు.

ఒక్క నిమిషం ఆగమని యశోద ఆగయ్యను అడిగింది. మల్లి పక్కన కూలబడి దాని డొక్కకు తల ఆనించింది. వానల్లో దూడ చచ్చిపోతే ఈ మూగజీవి పాలు మానేసి మేత మానేసి కుమిలిన రోజులు కళ్లముందు కదిలాయి. అప్పుడు పూటపూటకూ పక్కనే కూర్చుని ఓదార్చింది తనే. ఆ తలపుతోనే, తనకు తెలియకుండానే, పెదవుల మీదికి అప్పటి పాట వచ్చింది.

"చేపవే నా తల్లి, చేపవే మల్లీ...
దూడ లేని నీకు దూడనై నేనుంటి..."

మల్లి చెవులు కదిలాయి. మెడ తిప్పి ఆమె భుజం నాకింది. ఆ వెంటనే... కింద దుత్త లేదు, చెంబు లేదు, ఎవరి చేయీ తాకలేదు... బండల మీద టప్, టప్‌మని తెల్లని చుక్కలు!

"అరె అన్నా, ఒట్టిపోయిందంటివి గదనే?" అన్నాడు ఆగయ్య.

స్రవ్య దుత్త తెచ్చి పెట్టింది. యశోద చేతుల కింద ధారలు మోగాయి. వైకుంఠం వంగి దుత్తలోకి చూశాడు.

"ఇన్నొద్దులు ఎందుకియ్యలే ఇది?"

"పాట లేకుండె," అంది యశోద పితకడం ఆపకుండానే. "గా కిటికీ తెరిచిన్నాడు రోజూ లెక్కనే పాలు పిండుకుంట నేను పాడుతుంటే అటుదిక్కు పోరలు నవ్విన్రు. నన్నే అనుకున్న. గంత చదువుకున్న గొంతుల పక్కన పేడకాడి పాట ఏందని సిగ్గైంది. నోరు మూసుకున్న, కిటికీ మూసినంక గూడ తెరవలే. పాటకే పాలిస్తుందని నాకూ ఎరుక లేకపాయె." ఆమె దుత్తను దగ్గరికి జరుపుకుంది. "నువ్వు రోజూ నా ఎనకనే నిలవడ్తివి. ఎందుకు పాడుతలేవే అని ఒక్కనాడన్న అడగకపోతివి. ఈ ఇంట్ల నా పాట పోయిన సంగతి బర్రెకొక్కదానికే తెలిసింది."

నిష్ఠూరం లేదు ఆ మాటలో. అందుకే వైకుంఠం తట్టుకోలేకపోయాడు. అప్పుడే గమనించాడు, గోడ అవతల మద్దెల ఆగిపోయి ఉంది. ఏ నవ్వూ లేదు. మూసిన కిటికీ వెనక ఎందరో ఊపిరి బిగబట్టి వింటున్న నిశ్శబ్దం...

మేకు మీది గజ్జెలు తీశాడు. భుజం మీది తువ్వాలతో ఒక్కొక్క మువ్వనూ తుడిచి బిడ్డ చేతిలో పెట్టాడు. స్రవ్య వాటిని గుండెకు హత్తుకుంది.

"ఆగయ్యా, పలుపు ఇప్పు. మున్నీకాడ చాయ్ తాగి పో, మల్లి పాలు పంపుత," అన్నాడు. "వాడోళ్లకు నేను జవాబు చెప్పుకుంట."

స్రవ్య గడప దాటుతుంటే వెనక నుంచి పిలిచాడు. పిలిచి, భార్య వైపు చూడలేక నేల చూశాడు.

"మీ మేడంకు చెప్పు బిడ్డా... గా కిటికీ తెరవమను. మీ అమ్మ పాలు పిండేటప్పుడు తెరిచే ఉంచమను."

యశోద చేతులు ఒక్క క్షణం ఆగాయి. ధార ఆగగానే మల్లి మళ్లీ మెడ తిప్పింది. కొంగుతో కళ్లు తుడుచుకుని, ఈసారి గొంతు దాచుకోకుండా, యశోద పాట అందుకుంది. గోడ అవతల కిటికీ గడియ తీసిన చప్పుడైంది.