నెదీల్యా అంటే వారమేనా?

జెద్దా పాతబస్తీలో అల్లాబకాష్ నడిపే మొబైల్ రిపేర్ దుకాణం నిజానికి మన ఇంటెలిజెన్స్ వాళ్ల స్టేషన్ అని పక్క దుకాణం పాకిస్తానీకి ఈనాటికీ తెలియదు. ఉర్దూలో మాట్లాడితే అతని చెవిన పడుతుంది కనుక, రహస్యాలన్నీ అక్కడ రాయచోటి తెలుగులోనే.

"ఈమెను కాపాడాల," అంటూ అల్లాబకాష్ ఏజెంట్ ఫర్హీన్‌కు ఫోన్ తెర మీద ఒక ఫోటో చూపించాడు.

ఆమె సొలోమియా. ఉక్రెయిన్‌లో 'స్వితానోక్' అనే ఆన్‌లైన్ పత్రిక ఎడిటర్, శాంతి చర్చల వార్తల కోసం జెద్దా వచ్చింది. ఆ పత్రికకు వెనక పార్టీ లేదు, పెట్టుబడిదారు లేడు. ఆఫీసు మీద బాంబు పడితే మెట్రో స్టేషన్‌లో కూర్చుని వార్తలు పెట్టారు. అందుకే జనం కళ్లు మూసుకుని నమ్ముతారు, ఆ చర్చలను చెడగొట్టడానికి దిగిన మార్కో ముఠాకు కావలసింది ఆ నమ్మకమే. పది రోజులు సాగే ఆ చర్చల సమయంలో సైట్‌లోకి దూరి, జెద్దా రేవులో ఉన్న మన బియ్యం ఓడలో ఆయుధాలున్నాయని వార్త పెడతారు. చర్చలు చెడతాయి. ఓడ మీదికి డ్రోన్ వస్తుంది. స్వితానోక్ పేరు మట్టిలో కలుస్తుంది.

మార్కో హోటల్ గదిలో ఫర్హీన్ పెట్టిన మైక్‌లో, ఆ పని ఎప్పుడన్నదానికి ఒక్క మాటే స్పష్టంగా దొరికింది: "నెదీల్యా." దాన్ని అనువదించింది దరీనా. స్వితానోక్ రిపోర్టర్, మన ఇన్‌ఫార్మర్, నడిచి వస్తే హోటల్ లాబీ అంతా తల తిప్పి చూసేంత అందగత్తె. నెదీల్యా అంటే వారమని ఆమె చెప్పింది.

"ఇంగా వారం టైముండాది. తొందరపడొద్దు," అన్నాడు అల్లాబకాష్.

మర్నాడు ఆదివారం. చర్చలు జరిగే హోటల్లో ఫర్హీన్ గహ్వా పోసే పనిమనిషి వేషంలో ఉంది. ఆ అరబ్బీ కాఫీ కూజా అడుగున సిగ్నల్ జామర్ అమర్చి ఉంది. సొలోమియా ఫోన్లో ఎవరినో కసురుతూ "నెదీల్యా" అని రెండుసార్లు అంది. ఫోన్ పెట్టేసి ఫర్హీన్ వైపు చూసి నవ్వి ఇంగ్లీషులో అంది.

"ఇవాళ ఆదివారం, సెలవు కావాలంటాడు మావాడు. యుద్ధానికి లేని ఆదివారం మాకెక్కడిది?"

ఫర్హీన్ చేతిలో కూజా ఆగిపోయింది. తన ఇంటి ఉర్దూలో హఫ్తా అంటే వారమూ అవుతుంది, శనివారమూ అవుతుంది. ఇదీ అలాంటి మాటేనేమో, దరీనా పొరబడిందేమో అనుకుంది.

"మేడమ్, మరి వారాన్ని ఏమంటారు?"

"తిజ్దెన్. రష్యన్‌లో అయితే వారమే నెదీల్యా. మాకు మాత్రం ఆదివారం. మా భాషలో పుట్టినవాళ్లెవరూ పొరబడరు."

దరీనా ఆ భాషలో పుట్టిందే. ఫర్హీన్‌కు ఒళ్లు మండింది.

"మీ సైట్ ప్రమాదంలో ఉంది. మీ లాప్‌టాప్ ఎక్కడ?"

"చార్జింగ్ పెడతానని దరీనా పైకి తీసుకెళ్లింది."

ఫర్హీన్ కూజాతో సహా సర్వీస్ మెట్లెక్కింది. వెనకే సొలోమియా. తాను మైక్ పెట్టిన గదిలో మార్కో కిటికీ దగ్గర నిలబడి, చర్చల కోసం దిగుతున్న కార్లను చూస్తున్నాడు. దరీనా వేలు 'పబ్లిష్' మీద ఉంది.

"గహ్వా," అంది ఫర్హీన్ వినయంగా.

దరీనా ఆమెను గుర్తుపట్టి చప్పున మీట నొక్కింది. అదే క్షణంలో ఫర్హీన్ కూజా పిడి తిప్పి జామర్ వేసింది. తెర మీద అప్‌లోడ్ గీత చివరిదాకా పాకి, అక్కడే చతికిలబడింది. మార్కో పిస్టల్ తీయబోయాడు, వేడి గహ్వా మొత్తం అతని చేతి మీద పడింది. పిస్టల్ ఫర్హీన్ చేతికొచ్చింది.

సొలోమియా దరీనా ముందు నిలబడింది. "మెట్రోలో నా పక్కనే కూర్చుని రాశావు. ఎందుకమ్మా?" దరీనా మార్కో వైపు చూసింది.

"నీ పత్రికకు ఇదే ఆఖరి రోజు," అన్నాడు మార్కో పళ్లు నూరుతూ.

సొలోమియా లాప్‌టాప్ తన వైపు తిప్పుకుని, ఆ అబద్ధాన్ని చెరిపేసి కొత్త శీర్షిక కొట్టింది: 'మా పేరుతో రాబోయిన అబద్ధం ఇదీ.'

"నీ పూర్తి పేరు స్పెల్లింగ్ చెప్పు," అంది. "మేం తప్పులు వేయం."

చర్చలకు కాపలా ఉన్న సౌదీ పోలీసులు వచ్చి ఇద్దరినీ తీసుకుపోయాక ఫర్హీన్ జామర్ ఆపింది. నిజం బయటికి వెళ్లింది, చర్చలు మొదలయ్యాయి, ఓడ బియ్యం దింపుకుంది.

సాయంత్రం దుకాణంలో అల్లాబకాష్ సంబరంగా, "శానా బాగా చేసినావు మ్మా. ఒక హఫ్తా సెలవు తీసుకో," అన్నాడు.

ఫర్హీన్ అనుమానంగా చూసింది. "వారమా అన్నా, శనివారమా?"

అల్లాబకాష్ ఫోన్ విప్పడంలో మునిగిపోయినట్టు నటించాడు. "శనివారమే లే."