టైర్ల గోడౌన్ మీది గది

బస్సు డిపోలో టైర్ల గోడౌన్ మీద డ్రైవర్లు పడుకోవడానికి ఒక గది ఉంది. రెండు మంచాలు, ఒక ఫ్యాను, మూసుకోని కిటికీ. ఆ గదికి మంచి పేరు లేదు.

అర్ధరాత్రి దాటాక అక్కడ ఎవరిదో పీక నొక్కుతున్న చప్పుడు వస్తుందట. గరగరమని మొదలై... పైకెక్కి... ఠక్కున ఆగిపోతుందట. చాలాసేపు ఏమీ ఉండదు. ఆ తర్వాత నీళ్లలో మునిగినవాడు పైకి తేలినట్టు ఒక్క పెద్ద ఊపిరి— మళ్లీ గరగర. ఒకసారి విన్నవాళ్లు మళ్లీ ఆ మెట్లెక్కలేదు. దోమలు పీక్కుతిన్నా సరే, బస్సు సీట్ల మీదే ముడుచుకు పడుకునేవాళ్లు.

ఆ గదిలో ధైర్యంగా పడుకునేది ఇద్దరే. ఒకాయన పెద్ద డ్రైవరు. రెండోవాడు ఆయన భార్య తమ్ముడు, వాడూ డ్రైవరే. దిండు మీద తల వాల్చడమే ఆలస్యం, బావాబామ్మర్దులిద్దరికీ తెల్లారేదాకా ఒళ్లు తెలిసేది కాదు.

"ఏ దెయ్యం? మాకెప్పుడూ కనబడలేదే," అని మీసాలు దువ్వుకునేవాళ్లు.

ఇంతలో ఒకరోజు పెద్ద డ్రైవరు సిగ్నల్ దగ్గర స్టీరింగ్ మీదే కునుకు తీశాడు. వెనకవాళ్లు హారన్లు మోగిస్తే గానీ లేవలేదు. అది విన్న భార్య ఆయన్ని డాక్టరు దగ్గరికి లాక్కెళ్లింది.

"నిద్రలో ఈయనకి ఊపిరి ఆగిపోతుందండీ. మళ్లీ వస్తుందో రాదోనని లేచి కూర్చుంటాను," అంది.

పరీక్షలు చేసి డాక్టరు సీపాప్ మిషన్ రాశారు. ముక్కుకి మాస్కు, దానికో గొట్టం, గొట్టం చివర గాలి ఊదే పెట్టె. ఆ మిషన్‌తో నిద్ర కుదురుకునేదాకా బస్సు ముట్టుకోవద్దన్నారు. ఆఫీసువాళ్లు ఆయన్ని టైర్ల గోడౌన్ డ్యూటీలో వేశారు.

డిపో అంతా పగలబడి నవ్వింది. "ఇన్నేళ్లూ దెయ్యం నువ్వేనా!" అన్నారు. అందరికంటే ఎక్కువ నవ్వింది బామ్మర్ది. "తొండం బాగుంది బావా," అన్నాడు.

పెద్ద డ్రైవరుకి మాత్రం నవ్వు రాలేదు. స్టీరింగ్ లేకపోతే ఆయనకి చేతులు ఎక్కడ పెట్టుకోవాలో తెలియదు. పోనీ మిషన్‌తో పడుకుందామంటే, మాస్కు తగిలించగానే ఎవరో ముక్కులోకి పంపు కొడుతున్నట్టుండేది. పీల్చబోతే తోసేది, వదలబోతే అడ్డం పడేది. నోరు తెరిస్తే గాలంతా అటే పోయేది. పట్టీలు బిగిస్తే బుగ్గలు నొప్పి, వదులు చేస్తే గాలి కళ్లలోకి కొట్టేది. కాసేపటికే పీకి పడేసేవాడు.

మిషన్ ఇచ్చినమ్మాయికి ఫోన్ చేశాడు.

"దాంతో కుస్తీ పట్టకండి బాబాయ్. పగలు కుర్చీలో కూర్చుని, పాటలు వింటూ పెట్టుకోండి. గాలి నెమ్మదిగా మొదలై పెరిగేలా మీట ఉంది, అది నొక్కండి. నోరు మూసుకుని, నిదానంగా వదలండి."

అలాగే చేశాడు. టైర్ల మధ్య కూర్చుని తొండంతోనే పేపర్ చదివాడు. వచ్చేపోయేవాళ్లు నవ్వి నవ్వి విసిగిపోయారు. ఆయన మాత్రం మానలేదు.

ఒకరోజు బామ్మర్దికి మర్నాడు పొద్దున్నే మొదటి బస్సు పడింది. ఆ రాత్రి ఇద్దరూ పై గదిలోనే పడుకున్నారు. మిషన్ సన్నగా బుసపెడుతుంటే పెద్ద డ్రైవరుకి ఎప్పుడు నిద్ర పట్టిందో తెలియలేదు.

ఏదో చప్పుడుకి మెలకువ వచ్చింది.

గరగర... గరగర... పైకెక్కి... ఠక్కున ఆగిపోయింది.

'నేనేలే,' అనుకుని పక్కకి తిరగబోయాడు.

అప్పుడు తట్టింది. తను మేలుకునే ఉన్నాడు. గాలి వస్తోంది, పోతోంది. మరి ఆ చప్పుడు...?

చీకట్లో చెవి పెట్టి విన్నాడు. ఏమీ లేదు. ఫ్యాను చప్పుడు, మిషన్ బుస తప్ప ఏమీ లేదు. తన భార్య ఏళ్ల తరబడి మంచం మీద కూర్చుని విన్నది ఇదేనని అప్పుడు తెలిసింది. ఒక్క గెంతులో పక్క మంచం దగ్గరికి వెళ్లి బామ్మర్ది భుజాలు పట్టుకుని కుదిపేశాడు.

"ఒరేయ్... ఊపిరి తియ్యరా!"

బామ్మర్ది ఒక్కసారిగా గాలి లాగి, కళ్లు తెరిచాడు. ముఖం మీద వంగి... ముక్కు లేని ముఖం... దాన్నుంచి వేలాడుతూ తొండం... బుస్సుమని చల్లగాలి.

దెయ్యమంటే లెక్కలేని ఆ మనిషి కేక పెట్టి, మెట్లన్నీ దొర్లుకుంటూ కిందికొచ్చి పడ్డాడు. బస్సుల్లోంచి అందరూ లేచి వచ్చారు.

వెనకే పెద్ద డ్రైవరు దిగాడు. దిగే తొందరలో గొట్టం మిషన్ నుంచి ఊడి వేలాడుతోంది. మాస్కు ఇంకా ముఖానికే ఉంది. అది ఉన్న సంగతే ఆయనకి గుర్తు లేదు. తీసి చేత్తో పట్టుకున్నాడు.

"పొద్దున బస్సు నువ్వు తియ్యట్లేదు. మీ అక్కని పంపిస్తాను, డాక్టరు దగ్గరికి పో," అన్నాడు. "భయమేసిందిరా. పోయావనుకున్నాను."

బామ్మర్ది చివరి మెట్టు మీద కూర్చుని మోకాలు తడుముకున్నాడు. చుట్టూ ఉన్నవాళ్లని ఒక్కొక్కరినే చూశాడు.

"ఇన్నేళ్లూ మీరంతా విన్నారుగా, ఒక్కరైనా వచ్చి లేపలేదేం?"

ముసలి వాచ్‌మన్ తల దించుకుని చెప్పాడు.

"దెయ్యమనుకుని పారిపోయాం బాబూ."