ఏడో బెడ్ మందుచీటీ

ఉదయం పదిలోపు చెయ్యాల్సినవి: ఆసుపత్రిలో రికార్డు గుమాస్తా వేషం కట్టాలి. ఏడో బెడ్ రోగిని కంటికి రెప్పలా కాయాలి. తోటి ఏజెంట్ నెమలితో తప్ప ఎవరితోనూ అసలు సంగతి మాట్లాడకూడదు. చీఫ్ ఇచ్చిన కెమెరా పెన్ను జేబులో ఉండాలి. పగని ఇంట్లో వదిలి రావాలి.

చివరిది తప్ప అన్నీ చేశాడు ఏజెంట్ నైన్.

రెండేళ్ల క్రితం ఒక విదేశీ ముఠా వేరే ఆసుపత్రిలో కంప్యూటర్లన్నీ హ్యాక్ చేసి పడగొట్టింది. ఆపరేషన్ బల్ల మీదున్న అతని అక్క బ్లడ్ గ్రూప్ ఆ కంప్యూటర్లలోనే ఉండిపోయింది. కాగితం మీద ఎక్కడా లేదు. అక్క ఇంటికి రాలేదు. ఏడో బెడ్ మీదున్నవాడు ఆ ముఠా నుంచి తప్పించుకొచ్చిన ప్రోగ్రామర్. రేపు పేర్లు చెబుతాడు, ఇవాళ బతికితే.

ఇక్కడి హెడ్ నర్సుది వేరే బాణీ. ప్రతి సోమవారం గంటసేపు కంప్యూటర్ తెరలు ఆర్పించి, పనంతా చేత్తో రాయించేది. డాక్టర్లు గొణుక్కునేవారు. నైన్ రిజిస్టరు తెరిచి రాయబోతే అతని కెమెరా పెన్నులో సిరా లేదు.

"రాయని పెన్ను ఎందుకు బాబూ, అలంకారానికా?" అంటూ ఆవిడ తన బాల్ పెన్ను చేతిలో పెట్టింది.

పదకొండూ ఐదుకి తెరలన్నీ ఒక్కసారిగా నల్లబడ్డాయి. ఈసారి ఆర్పించింది హెడ్ నర్సు కాదు. ప్రింటర్లు మూగబోయాయి. ఎవరూ పరుగులు పెట్టలేదు. అల్మారాలోంచి ఎర్ర ఫైళ్లు దిగాయి, పెన్నులు కదిలాయి.

పదకొండూ ఇరవైకి డాక్టర్ కోటులో నెమలి వచ్చింది. నడిస్తే నలుగురూ తల తిప్పి చూసే మనిషి. ఒక చేతిలో సిరంజి, మరో చేతిలో మందుచీటీ. ప్రింటరు కొట్టిన ముత్యాల్లాంటి అచ్చు అక్షరాలు. చీటీ మీద టైము పదకొండుంబావు.

నైన్ గోడ గడియారం చూశాడు. ప్రింటర్లు చచ్చి పావుగంటయింది. ఆ చీటీ ముందే తయారైంది. గగ్గోలులో ఎవడు చదువుతాడులే అనుకుంది నెమలి. ఇక్కడ గగ్గోలే లేదు.

సూది రోగి చేతిని తాకబోతుండగా ఆమె మణికట్టు పట్టి మెలితిప్పాడు. సిరంజి లాక్కుని ఆమె మెడకే గురిపెట్టాడు.

నెమలి నవ్వింది. "మీ అక్క పోయిన రోజున కూడా కంప్యూటర్లు పడగొట్టే టైము పెట్టింది నేనే. పొడిచెయ్. నీ వల్ల కాదులే, డ్యూటీ మనిషివి."

అతని బొటనవేలు బిగిసింది.

వెనక నుంచి హెడ్ నర్సు నెమ్మదిగా అంది. "బాబూ, నా వార్డులో డాక్టరు రాయందే ఎవరికీ సూది వెయ్యం. ఆవిడకైనా సరే."

నైన్ సిరంజి దించాడు. నెమలి అన్న మాటంతా జేబులోని పెన్ను పట్టేసింది. రాయని పెన్నుకీ ఒక పనుందన్నమాట. బాల్ పెన్ను మాత్రం నెమలి ముందు పెట్టి, ముఠాలో పేర్లన్నీ చేత్తో రాయించాడు.

అతని అక్కది అరుదైన బాంబే బ్లడ్ గ్రూప్, ఓ నెగెటివ్ రక్తం కూడా పడదు. ఆ రోజు చెప్పేవాళ్లు లేకపోయారు. మీరైనా గుర్తుపెట్టుకోండి.