పడుగు మీద కొట్టిన అట్ట

ఆత్మకూరులో గుర్వయ్య నేసిన చీరెకు వంక పెట్టినోడు లేడు. పెడితే ఊకునే మనిషి కాదాయన. అసుమంటిది, ఆ మబ్బు పట్టిన పగటిపూట ఆయన మగ్గం మీదనే తప్పు పడ్డది. అంచులో హంసల వరుస నడుమ మనిషి ఆకారం లేస్తాంది.

మగ్గం నెత్తిన జాకార్డుకు అట్టల దండ వేలాడుతది. మగ్గం కింది గుంతల కాళ్లు పెట్టి తొక్కినప్పుడల్లా ఒక అట్ట తిరుగుతది. అట్టకు చిల్లులున్న కాడ పోగులు లేస్తయి, బొమ్మ పడుతది. ఆ అట్టలు కొట్టిన ఐలేశం పోయిన ఎండకాలం చచ్చిండు. ఇద్దరికీ పడకపోయేది. గుర్వయ్య వాని పాడె ఎనుక సుత నడవలేదు.

"చచ్చి సుత నా అంచు చెడగొడ్తాండు," అని గొణిగిండు.

"అట్టల మీది కోపం అన్నం మీద తియ్యకు. నీళ్లకు పోయొస్త," అని భార్య ఆండాళు బిందె చంకనేసుకొని బాయికి పోయింది.

తప్పు ఏ అట్టలున్నదో పట్టుకుందామని గుర్వయ్య ఆపి ఆపి తొక్కిండు. పోగు ఎనుక పోగు... కొంగు పడ్డది. చంకల బిందె పడ్డది. ముందర గుండ్రంగ బాయి గట్టు...

మగ్గం గుంతలకెల్లి నాచు వాసన లేచింది.

ముందు రాబోయే అట్టలను వెలుతురుకు పట్టి చూసిండు. బాయి ఉన్నది. గట్టు మీద బిందె ఉన్నది. మనిషి లేదు.

లేవబోయిండు. గుంతలున్న కాళ్లు కదల్లేదు. చల్లగ... ఎవరో పట్టుకున్నట్టు.

"మల్లేశం! బాయి కాడికి ఉరుకు, మీ అత్తను తోల్కరా!" అని పక్క మగ్గం అల్లున్ని కేకేసి, ఉలి అందుకొని కొత్త అట్టలు ముందటేసుకున్నడు.

మల్లేశం గడప కాడ ఆగిండు. "మామా, పడుగు మగ్గం మీదుండంగ అట్ట కొట్టొద్దు. పడుగు దించినంకనే కొట్టాలె. లేకుంటే పడ్డ బొమ్మ గుడ్డ మీద ఉండదని ఐలేశం మామ చెప్తుండె..."

"వాడా నాకు చెప్పేటోడు? ఉరుకురా!"

బాయి పక్కన ఆడమనిషి నిలవడేటట్టు ఒక్కో చిల్లు పొడిచిండు. పాత అట్టలు తెంపి, కొత్తవి దండలో కుట్టిండు. తొక్కిండు. పాదాలు... కుచ్చిళ్లు... నడుము... తల.

పడ్డది. మనిషి పడ్డది.

తలుపు కిర్రుమన్నది. ఆండాళు లోపలికొచ్చింది, చంకల నిండు బిందె.

"వచ్చినవా... బతికిచ్చినవే," అన్నడు గుర్వయ్య. కండ్లల్ల నీళ్లు తిరిగినయి. ఆమె బిందె దించింది.

అప్పుడే వాడకట్టుల ఏడుపులు. మల్లేశం గొంతు ఉరికొస్తాంది.

"మామా! అత్త బాయిల పడ్డది... బయటికి తీసినం... పానం లేదు మామా! ఆండాళత్త పోయింది!"

గుర్వయ్య గుంతల కాళ్లు గుంజుకున్నడు. రాలేదు.

ఆమె తల కొద్దిగ తిప్పి, ఆండాళు గొంతుతోనే, మెల్లగ అడిగింది.

"ఆండాళెవరయ్యా?"

అడిగి, పోయి తలుపుకు గడియ పెట్టింది.