నేను కలిపిన ఒక్క వాక్యం

"సార్, నేను నర్సునైతనని గా అమ్మకు ఎవరు జెప్పిన్రు?"

పద్మలత విదేశీ ఉత్తరం తెచ్చి నా బల్ల మీద పెట్టింది. బయట వాన. ఆమె జడ చివరి నుంచి చుక్కలు నా కాగితాల మీద పడుతున్నాయి. ఇంకో రోజైతే ఆ జడనే చూస్తూ కూర్చునేవాణ్ణి. ఆ రోజు మాత్రం కాగితాలు సర్దుతున్నట్టు తల దించుకున్నాను.

ఎందుకంటే, చెప్పింది నేనే.

2002లో శామీర్‌పేట దగ్గర ఒక మిషన్ హాస్టల్లో పనిచేసేవాణ్ణి. అక్కడి పేదపిల్లల్ని విదేశాల వాళ్లు ఒక్కొక్కరు ఒక్కొక్కరిని చదివించేవారు. పిల్లలు మూడు నెలలకోసారి వాళ్లకు తెలుగులో ఉత్తరం రాయాలి. దాన్ని ఇంగ్లీషు చేయడం నా ఉద్యోగం. మాది గౌడవెల్లి. నాయిన మూడెకరాలు ప్లాట్లు చేసి అమ్మాక, నా బి.ఏ. చదువుతో ఇంట్లో ఎవరికీ పనిలేకుండా పోయింది.

పద్మలత తండ్రి ఇస్తారి రాళ్లు కొట్టే కూలీ. ఆరో ఏట హాస్టల్లో చేరిన పద్మలత, ఇంటర్ అయ్యాక అక్కడే చిన్నపిల్లలకు చదువు చెబుతోంది. ఇరవై ఏళ్లు. ఆమెను చదివించింది స్కాట్లాండ్‌లో ఉండే ఈడిత్ అనే రిటైర్డ్ నర్సు. ఆవిడకు పద్మలత రాసే ఉత్తరాలన్నీ ఒకటే తీరు. వానలు పడ్డాయి, మేకలు బాగున్నాయి, మీకు వందనాలు. మరీ చప్పగా ఉన్నాయని అంతకుముందు ఏడాది ఒకదాని చివర నేనే ఒక వాక్యం కలిపాను: నర్సు చదివి మా ఊళ్లో చిన్న దవాఖాన పెట్టాలని నా కోరిక.

ఈడిత్ గారు నమ్మేశారు. అక్కడ కాలేజీలో సీటు మాట్లాడారు, ఫీజు కడతామన్నారు. నాలుగేళ్ల చదువు. పద్మలత నోటి నుంచే మాట వినడానికి గురువారం స్వయంగా వస్తున్నారని ఆ ఉత్తరంలో ఉంది.

"నేనే రాసిన," అన్నాను.

"ఎందుకు?"

"పిల్లల పుండ్లు కడిగి నువ్వు కట్టు కడుతుంటె చూసిన. ఒక్కదానికన్నా మొకం తిప్పుకోలే. మస్తు అనిపించింది."

"అనిపిస్తె నాతోని చెప్పాలె గదా!"

"నీతోని చెప్పనీకి భయమైంది."

"మీ ఇంట్ల పుట్టినోళ్లకు ఆశపడుడు పుక్కట్ల వస్తది సార్. నాకు బూట్లు గావాల్నన్నా ఉత్తరమే, వచ్చినంక దండం పెట్టనీకి ఇంకో ఉత్తరమే. గందుకే నేను ఏం అడగ. మేకలు బాగున్నయని రాస్త."

గొడుగు లేకుండానే వానలోకి వెళ్లిపోయింది.

గురువారం దాకా ఆ మూడు రోజులూ నాకు అన్నం సహించలేదు. ఆమె వద్దంటే నా వల్ల వచ్చిన సీటు నా వల్లే పోతుంది. సరేనంటే ఆమే వెళ్లిపోతుంది. నిజం చెబితే నా ఉద్యోగం పోతుంది. ఎటు చూసినా ఆమె నాకు దక్కేలా లేదు. తుర్కపల్లి కంపెనీల కార్లు రోడ్డు మీద హారన్ కొట్టినప్పుడల్లా ఈడిత్ గారే వచ్చారని ఉలిక్కిపడేవాణ్ణి.

గురువారం రానే వచ్చింది. వార్డెన్ కమలాబాయి గదిలో బక్కపల్చటి ముసలావిడ. ఎదురుగా పద్మలత. మధ్యలో ఆ మాట ఈమెకూ ఈ మాట ఆవిడకూ చెప్పడానికి నేను.

"ఇది నిజంగా నీ కోరికేనా?" అని ఈడిత్ గారు అడిగారు.

పద్మలత నా వైపు తిరిగింది. "నాకు ఇంగ్లిష్ మాట్లాడరాదు గని, ఇంటె సమజైతది. జర చూసి చెప్పు." సార్ అనే మాట పోయింది.

"గా మాట నేను రాయలే. గీయన కలిపిండు."

చెబితే ఉద్యోగం పోతుందని తెలుసు. అయినా చెప్పాను. కమలాబాయి కళ్లద్దాలు తీసి నన్ను చూసింది.

"మస్తు కోపమొచ్చింది. తర్వాత ఏడ్పొచ్చింది. గా ఆశ నాకు ఎప్పటిసందో ఉన్నది. ఎవ్వరికీ చెప్పలే. నాకు నేను గూడ చెప్పుకోలే."

చెప్పాను.

"విమానమంటె భయం. గాడ సలంటె భయం. అయినా పోత. దవాఖాన పెట్టనీకి మల్ల వస్త."

చెప్పాను. ఈడిత్ గారి కళ్లు చెమర్చాయి. నేను మాత్రం మనసులో లెక్కపెట్టుకుంటున్నాను. నాలుగేళ్లు!

"ఇంకొకటి," అంది పద్మలత. "దినాం నా జడనే చూస్తడు గదా, నాలుగేండ్లు గీయన ఆగుతడా? ఇంకొకల్లను చేసుకుంటడా? గామె ముందలనే చెప్పాలె."

ఇంగ్లీషు మొత్తం మరిచిపోయాను.

"ఏమంది?" అన్నారు ఈడిత్ గారు.

"ఆగుత," అన్నాను, పద్మలతతోనే, తెలుగులోనే. ముసలావిడ మా ఇద్దరి ముఖాలూ చూసి, ఇక ఏమీ అడగలేదు.

"మరి మీ నాయినకు ఎవరు జెప్తరు? రాళ్లు గొట్టెటోని బిడ్డ అంటె ఊకుంటడా?"

"ఊకోడు. నేనే జెప్త. ఇయ్యాల్నే."

"భయమైతలేదా?"

"మస్తు అయితాంది."

"నాకు గూడ," అని పద్మలత నవ్వింది.