ఎడమ చక్రంలో గంట

కోడూరు రోడ్డు మీద ఒక తూము ఉంది. దాని అసలు పేరు ఎవరికీ గుర్తులేదు. కిందటేడు వానల్లో ఎస్తేరు అక్కడ పోయినప్పటినుంచీ ఎస్తేరు తూమనే అంటున్నారు. పొద్దుగూకాక వెనకనుంచి సైకిలు గంట వినిపిస్తుందట... తిరిగి చూస్తే రోడ్డు ఖాళీ. అదంతా ఉత్తిదేనని నవ్వేవాళ్లు కూడా చీకటి పడితే చుట్టు తిరిగి వెళ్తారు.

ఎస్తేరు రొయ్యల షెడ్డులో పనిచేసేది. సైకిలు మీద ఇంటికొస్తుంటే ఏదో కారు గుద్ది, ఆగకుండా వెళ్లిపోయింది. గుర్తు తెలియని వాహనమని కేసు మూసేశారు. నుజ్జయిన సైకిలు దొరికింది గానీ దాని గంట మీది టోపీ మాత్రం దొరకలేదు.

ఆమె అన్న మత్తయికి అవనిగడ్డలో మెకానిక్ షెడ్డు. ఆనాటినుంచీ తన దగ్గరికొచ్చే ప్రతి కారు మూతినీ వేళ్లతో తడిమి చూస్తున్నాడు. జనం పిచ్చనుకున్నారు. అది పగ.

ఒకరోజు మల్లికార్జునరావు తన ఎర్ర స్పోర్ట్స్ కారు తెచ్చాడు. పాతకాలం బండి, రెండే సీట్లు, నేలకి జానెడెత్తు. ఆయనది బందరు, కోడూరులో రొయ్యల చెరువులున్నాయి. బండికి కొత్త రంగు అద్దంలా మెరుస్తోంది.

"ముందు సస్పెన్షన్ మొత్తం విప్పి చూడు మత్తయీ. ఎడమ చక్రం దగ్గర ఏదో మోగుతోంది. బందర్లో ఇద్దరికి చూపించాను, దొరకలేదు."

"ఎక్కడ మోగుతుందండీ?"

రావుగారు తాళాలు తిప్పుతూ నిలబడ్డాడు. "అన్నిచోట్లా కాదు... ఆ తూము మీద."

ఆయన వెళ్లాక మత్తయి జాకీ ఎత్తి, చక్రం ఊడదీశాడు. కాయిల్ స్ప్రింగుతో పని జాగ్రత్తగా చేయాలి. నొక్కిపెట్టిన స్ప్రింగు జారితే మనిషిని లేపేస్తుంది. బిగింపు పెట్టి, మెల్లగా వదులు చేసి, బయటికి లాగాడు...

ఠంగుమని ఏదో రాలింది.

గంట టోపీ. లారీకి వేయగా మిగిలిన ఆకుపచ్చ రంగు. దానిమీద మేకుమొనతో గీసిన చిన్న సిలువ. గీసింది తనే — చెల్లెలికి సైకిలు కొనిచ్చిన రోజున. పైనంతా రంగు వేయించిన మనిషి అడుగున కడిగించడం మరిచాడు.

మత్తయి ఏడవలేదు. టోపీని గోడమేకుకి తగిలించి పనిలోకి దిగాడు. కొత్త బుష్షులు వేశాడు, చక్రాన్ని పట్టి ఉంచే బాల్ జాయింట్ కొత్తది ఎక్కించాడు. దాని నట్టు మాత్రం వేళ్లతో తిప్పి వదిలేశాడు. నట్టు ఊడకుండా ఆపే పిన్ను జేబులో వేసుకున్నాడు. ముందు చక్రాల పని చేసిన మేస్త్రీ, ఓనర్ని పక్కన కూర్చోబెట్టుకుని తనే ట్రయల్ కొట్టాలన్నది వాడుక. రేపు జ్వరమని చెప్పి తాళాలు ఇచ్చేస్తే సరి. తూము మీద ఎగరగానే చక్రం దాని దారి అది చూసుకుంటుంది.

దీపం ఆర్పి షట్టర్ మీద చెయ్యి వేశాడు.

ట్రింగ్...

మేకున వేలాడుతున్నది ఉత్త టోపీ. లోపల మీట లేదు, పళ్లచక్రం లేదు.

"వద్దంటావా అమ్మా?" అన్నాడు టోపీ వైపు తిరిగి.

ట్రింగ్...

అప్పుడేడ్చాడు. ఎస్తేరు చిన్నప్పటినుంచీ అంతే, తన పని ఇంకొకరిని చేయనిచ్చేది కాదు. ఏడుస్తూనే కారు కిందికి దూరి, నట్టు బిగించి, పిన్ను వేసి చివరలు వంచాడు.

మర్నాడు మునిమాపువేళ రావుగారిని పక్కన కూర్చోబెట్టుకుని తనే ట్రయల్‌కి బయల్దేరాడు. బండి తూము మీద నిశ్శబ్దంగా ఎగిరి దిగింది.

"పోయిందయ్యా చప్పుడు," రావుగారు ఊపిరి వదిలాడు.

మత్తయి బండి ఆపాడు. "ఒకసారి దిగండి సార్." ఇద్దరూ దిగి తూము మీదికి వచ్చాక జేబులోంచి టోపీ తీసి ఆయన అరచేతిలో పెట్టాడు. "మోగింది ఇదండీ. మా చెల్లిది."

రావుగారి మొహంలో నెత్తుటి చుక్క లేదు. "వాన కదా... కనబడలేదు మత్తయీ. నడిరోడ్డు మీదికి వచ్చేసింది. గంటైనా కొట్టలేదు..."

ట్రింగ్... ట్రింగ్...

ఆయన వెనకనుంచే. దగ్గరగా. అరచేతిలో టోపీ చల్లగా వణుకుతోంది.

రావుగారు తిరిగి చూడలేదు. చూసింది మత్తయి. ఏం చూశాడో ఈనాటికీ ఎవరికీ చెప్పలేదు. నెమ్మదిగా, మర్యాదగా అన్నాడంతే —

"పక్కకి జరగండి సార్. కొట్టింది కదా."

రావుగారు జరిగాడు. ఇంకా జరిగాడు. పిట్టగోడ లేని తూము అది, కింద కాలవ నిండుగా పారుతోంది.

పోలీసులు తెల్లారాక వచ్చి, చెల్లెలు పోయిన చోటేనని మత్తయి మీద అనుమానపడి కారు కిందికి దూరి చూశారు. నట్టు బిగుతుగా ఉంది, పిన్ను చివరలు వంచి ఉన్నాయి. మత్తయి పనిలో వంక పెట్టడానికి ఏమీ దొరకలేదు.